నిలువు 14

ఇవాళ నిలువు 14 దాకా వచ్చింది.

లాప్‌టాప్ సంగతండీ. పొద్దున్నే దాని బటన్ నొక్కి, పేపర్లో గళ్ళనుడికట్టు ముందేసుకుని కూర్చోవడం రిటైరైన నాటి నుంచీ నాకు అలవాటు. మొన్నమొన్నటి దాకా అడ్డం 1 ఆధారం చదివి పెన్ను మూత తీసేలోపు తెర వెలిగేది. ఇప్పుడు అడ్డాలన్నీ నిండిపోయి నిలువుల్లోకి దిగుతున్నాను. నిన్న నిలువు 11. ఇవాళ నిలువు 14: "పాతాళలోకపు నది తలకిందులైంది (4)". భోగవతి అని తట్టి, దాన్ని తలకిందులు చేసి 'తివగభో' అని గళ్ళలో కూర్చి, అడ్డం 22తో పొసిగిందో లేదో చూసుకున్నాక, అప్పుడు తెర మీద నాలుగు చుక్కలు కనిపించి గుండ్రంగా తిరగడం మొదలెట్టాయి. అంటే లేచిందని కాదు, లేద్దామా అన్న ఆలోచన దానికి కలిగిందని.

ఒకందుకు లాభమే. ఈ మూడు వారాల్లో నా గళ్ళనుడికట్టు విద్య బ్రహ్మాండంగా పెరిగింది. ఇలాంటి అప్‌గ్రేడ్ ఇంకొకటి తగిలిందంటే సొంతంగా ఒకటి కూర్చి పత్రికకు పంపేంత తీరిక దొరుకుతుంది.

ఈ అప్‌గ్రేడ్ కావాలని నేను అడగలేదు. అదే నన్ను ఆర్నెల్లపాటు అడిగింది. రోజూ కుడివైపు మూలలోంచి తల బయటపెట్టి "ఇప్పుడు చేయమంటారా, రాత్రికి చేయమంటారా?" అనేది. 'వద్దు' అనే మీట ఎక్కడుందా అని వెతికాను. లేదు. మా పెద్దత్తయ్య సంబంధాలు కుదిర్చే పద్ధతి ఇదే. "ముహూర్తం మాఘంలోనా, ఫాల్గుణంలోనా?" అని అడిగేదే తప్ప "అసలు అబ్బాయికి ఇష్టమేనా?" అన్న మాట ఆవిడ నోట రాగా ఎవరూ వినలేదు. ఆవిడ కుదిర్చిన పెళ్లిళ్లలో నాదీ ఒకటి కాబట్టి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను. ఒకరోజు కరెంటు బిల్లు కడుతున్నాను. 'కట్టు' మీద నొక్కబోయిన వేలు, సరిగ్గా అప్పుడే బయటికొచ్చిన దాని నెత్తిమీద పడింది. అంతే. మూడు గంటలపాటు నన్ను దగ్గరికి రానివ్వలేదు. కరెంటు బిల్లు ఆ నెల జరిమానాతో కట్టాను.

కంపెనీ పేరు చెప్పను. లాప్‌టాప్‌కి మైకు ఉంది, వింటుంది. ఇప్పటికే నామీద అలిగి ఉంది.

కొత్త రూపం బాగుంది, కాదనను. ఇదివరకు పెట్టెలకు మూలలు కోసుగా ఉండేవి. ఇప్పుడు నున్నగా, అరిగిపోయిన సబ్బుబిళ్లలా ఉన్నాయి. అడుగున పట్టీ గాజులా మెరుస్తోంది, దాని వెనకున్నది మసకమసకగా కనిపిస్తోంది. నాకు శుక్లాలు వచ్చినప్పుడు ఆ మసకను తీయించుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టాను. వీళ్ళు అదే మసకను ఖర్చుపెట్టి తెప్పించారు. ఈ ముస్తాబుకు ఎంత మెమరీ పట్టిందో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచాను. (అడ్డం 9.) నాలుగు గిగాబైట్ల ర్యామ్‌లో 71 శాతం అప్పటికే ఖర్చయి ఉంది. నేనింకా ఏమీ తెరవలేదు. ఆకు వేశారు, నీళ్లు చల్లుకున్నాను, చూస్తే గుండిగ అడుగంటి ఉంది.

తిన్నది ఎవరా అని జాబితా చదివాను. మగపెళ్లివారి విడిదింట్లా ఉంది. ప్రతివాడూ దర్జాగా కూర్చుని ఉన్నాడు, ఎవరి తాలూకో అడిగితే ఎవరికీ తెలీదు. వాతావరణం చెప్పేవాడొకడు. మల్కాజిగిరిలో ఎండ కాస్తోందన్న కబురుకు వాడికి 90 మెగాబైట్లు కావాలి, మా పనిమనిషి అదే కబురు గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఊరికే చెబుతుంది. ఫోన్ని లాప్‌టాప్‌తో కలుపుతానని ఒకడు. ఆ రెండూ ఒకే బల్లమీద పక్కపక్కనే ఉన్నాయి, కలిపేదేముంది? ఆటలు అమ్మేవాడొకడు. నా గొంతు గుర్తుపట్టి సాయం చేస్తానని చెవి ఒగ్గి కూర్చున్నవాడొకడు. సాయం అంటే ఏమిట్రా అబ్బాయ్, కాస్త లేచి అవతలికి వెళ్లు, అదే పెద్ద సాయం. ఇక ఒకే పేరు పెట్టుకున్నవాళ్లు 40 మంది దాకా ఉన్నారు. వాళ్ళలో ఒకణ్ని ధైర్యం చేసి బయటికి పంపిస్తే తెర మొత్తం నల్లబడింది. పెళ్లికొడుకే అతను.

302లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని పిలిచాను. మంచివాడు, 'అంకుల్' అంటాడు, జీతం అడిగితే నవ్వుతాడు. "అంకుల్, మీరు ఆ 71 చూసి భయపడకండి. ఖాళీగా ఉన్న ర్యామ్ వేస్ట్ ర్యామ్. మీరు తరవాత ఏం తెరుస్తారో ఊహించి ముందే తెచ్చి పెట్టుకుంటుంది. ఎవరికైనా చోటు కావాలంటే ఆ సామానే ముందు తీసేస్తుంది" అన్నాడు.

ఈ సిద్ధాంతం నాకు కొత్తకాదు. ఇది మా ఆవిడది. ఖాళీగా ఉన్న మొగుడు వేస్ట్ మొగుడు. నేను పడకకుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నానంటే చాలు, "ఏమండీ, ఖాళీగా ఉన్నారా?" అని వంటింట్లోంచి వినిపిస్తుంది, నేను జవాబు వెతుక్కునేలోపు ఒళ్లో చిక్కుడుకాయల పళ్లెం దిగుతుంది, ఈనెలు తీయమని. అయితే ఒకటి. కాలింగ్ బెల్ మోగితే నేను చిక్కుడుకాయలు పక్కనపెట్టి లేచి వెళ్లి తలుపు తీస్తాను. ఇది తీయదు. ఉన్న నాలుగింట్లో మూడు సొంత మనుషులకే పోతే, తీసేయడానికి ఆ ముందుజాగ్రత్త సామాను మాత్రం ఎంతని ఉంటుంది? బెల్ కొట్టినవాడు విసిగి వెళ్లిపోయేదాకా ఈనెలు తీస్తూనే ఉంటుంది.

"మరి చోటు చాలకపోతే?" అన్నాను. "హార్డ్ డిస్క్ మీద కొంచెం జాగా పెట్టుకుని, ర్యామ్‌లో పట్టనివి అక్కడికి పంపిస్తుంది, కావలసినప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. స్వాప్ అంటారు" అన్నాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమైపోయింది. ర్యామ్ అంటే వంటింటి గట్టు. హార్డ్ డిస్క్ అంటే అటక.

అటక సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. మా అటక నాలుగడుగుల లోతు, వంటింటికీ హాలుకీ మధ్యన. దానిమీద ఏమేం ఉన్నాయో లోకంలో ఒక్కరికే తెలుసు, ఆవిడ స్టూలెక్కదు. ఎక్కేది నేను. స్టూలుకు ఒక కాలు పొట్టి. దానికింద పెట్టడానికి మడిచిన అట్టముక్క ఒకటుంది, అది అటకమీదే ఉంటుంది. అంచేత మొదటిసారి ఎప్పుడూ అట్టముక్క లేకుండానే ఎక్కాలి. ఎక్కాక మొదట కనపడేది 1994లో కొన్న మిక్సీ తాలూకు అట్టపెట్టె. మిక్సీ పోయి 20 ఏళ్లయింది. పెట్టె మాత్రం దృఢంగా ఉంది, లోపల రెండు థర్మకోల్ ముక్కలు మిక్సీ ఆకారాన్ని భద్రంగా కౌగిలించుకుని ఉన్నాయి. దాని వెనక మా పెళ్లికి వచ్చిన గోడగడియారాల్లో మిగిలిన మూడు. ఒక్కోటీ ఒక్కో టైములో ఆగింది, అందులో ఒకటి సరిగ్గా ముహూర్తం వేళకి ఆగిందని నా అనుమానం. తరవాత బొమ్మలకొలువు పెట్టెలు, కుంపటి, కుంపటి లేనప్పుడు వాడుకుందామని కొన్న ఇంకో కుంపటి. అన్నిటికీ వెనక, గోడకు ఆనుకుని, మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఇత్తడి గుండిగ. ఎప్పుడూ కావలసింది ఆ గుండిగే. అది రావాలంటే ముందున్నవన్నీ దిగాలి. దించి పెట్టడానికి కింద చోటుండాలి. కింద చోటు లేకే కదా వాటిని పైకెక్కించింది?

ఆవిడ కింద నిలబడి దారి చెబుతుంది. "ఎడమపక్కకి జరగండి. ఎడమ అంటే మీ ఎడమ కాదు, నా ఎడమ. చేయి లోపలికి పెట్టండి. ఇంకా. ఇంకా. అది కాదు, దాని పక్కది." హార్డ్ డిస్క్ లోపల జరిగేదీ అచ్చం ఇదే. అందులో ఒక పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటే, దానిమీద ఒక పుల్ల అటూ ఇటూ జరిగి, కావలసిన చోటు తనకిందికి వచ్చేదాకా కాచుకుని ఉంటుంది. ఒక్కో వెతుకులాటకూ సెకనులో వందో వంతు పైన పడుతుంది. అదేం పెద్ద ఆలస్యం అంటారేమో. ర్యామ్‌లోంచి తీయడానికి పట్టేదానికి అది లక్షరెట్లు. గట్టుమీదున్న ఉప్పుడబ్బా అందుకోవడానికి ఒక సెకను పడుతుందనుకోండి. అదే లెక్కన అటకమీది ఉప్పు రావాలంటే, రేపు ఈ వేళ దాటాక ఇంకో మూడు ముప్పావు గంటలు ఆగాలి. పప్పు పొయ్యిమీద ఉంది. ఇదీ స్వాప్ అంటే.

ఇది చాలదన్నట్టు, అప్‌గ్రేడ్ అయిన కొత్తలో సిస్టం ఇంకో పని పెట్టుకుంటుందట. ఏ ఫైలు ఎక్కడుందో తొందరగా వెతికిపెట్టడానికి మొత్తం డిస్కునంతా తవ్వి కొత్తగా పట్టిక రాసుకుంటుంది. కొత్త కోడలు కాపురానికి వచ్చిన మొదటివారం అటకమీదవన్నీ దించి, దుమ్ము దులిపి, చీటీలు అంటించినట్టు. మంచిపనే. కానీ ఆ వారమంతా ఇల్లు ఇల్లులా ఉండదు, అన్నం రెండింటికి గానీ దొరకదు. పైగా పాత సిస్టం కూడా పోలేదు. ఎందుకైనా మంచిదని దాన్ని మూటగట్టి కొన్నాళ్లు అదే డిస్కు మీద ఉంచుతుంది. అత్తగారి మిక్సీ పెట్టె. ఇంకా గట్టుమీద చోటు ఆదా చేయడానికి వాడకంలో లేని వాటిని నొక్కి నొక్కి చిన్నవి చేస్తుందట, పెద్ద జాడీలో పచ్చడి చిన్న జాడీలోకి కుక్కినట్టు. ఆ కుక్కడానికీ తిరిగి తీయడానికీ ప్రాసెసర్ చాకిరీ చేయాలి. నా లాప్‌టాప్ ఒంట్లోంచి విమానం లేచేముందు వచ్చే చప్పుడు ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది.

అటకమీంచి దిగుదాం.

పార్కులో మా నడక బృందంలో ఒకాయన ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యాడు. ఈసీఐఎల్ అంటే ఇప్పుడు సిటీలో చాలామందికి బస్సుమీది బోర్డు, దిగాల్సిన చౌరస్తా. 1969లోనే టీడీసీ-12 అని మనదేశంలో కంప్యూటర్ తయారుచేసి పెట్టిన సంస్థ అని ఆయన నాలుగు రౌండ్లలో రెండు రౌండ్లు చెబుతాడు. ఆయన వాదన ఒక్కటే: "కావాలనే చేస్తారు మాష్టారూ. పాతది నత్తనడక నడిస్తే కదా కొత్తది కొంటాం."

ఇది వట్టి పార్కు పుకారు అని కొట్టిపారేయడానికి వీల్లేదు. పాత ఐఫోన్లలో బ్యాటరీ నీరసించినప్పుడు ఫోన్ వేగాన్ని తామే తగ్గిస్తున్నామని యాపిల్ 2017 డిసెంబర్లో ఒప్పుకుంది. ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామంది, ముందే చెప్పనందుకు క్షమాపణ కూడా అడిగింది. మరుసటి ఏడాది ఇటలీ ప్రభుత్వం వారి పోటీ వ్యవహారాల సంస్థ, పాత ఫోన్లు మోయలేని అప్‌డేట్లు వాటి నెత్తిన రుద్దారని యాపిల్‌కి కోటి యూరోలు, శామ్‌సంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. ఆ కబురు చదివినరోజు నాకు ఇటలీ మీద కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. నా కరెంటు బిల్లు జరిమానా కూడా వాళ్లకి పంపిద్దామా అనుకున్నాను.

కానీ కుట్ర అనుకోవడంలో ఒక సుఖం ఉంది. మనమీద ఎవరో అంత శ్రద్ధ పెట్టారన్న సుఖం. నిజం అంతకంటే చిన్నబుచ్చేది అని నా అనుమానం. మనం వాళ్లకి గుర్తే లేము. కొత్త సిస్టం రాసే కుర్రాడి బల్లమీద 32 గిగాబైట్ల యంత్రం ఉంటుంది, అక్కడ వెన్నలా పరిగెడుతుంది. పాస్కల్ భాషను తయారుచేసిన స్విట్జర్లాండ్ పండితుడు నిక్లావుస్ విర్త్ 1995లోనే, సాఫ్ట్‌వేర్ కాస్త సన్నబడాలి మహాప్రభో అని ఒక వ్యాసం రాశాడు. యంత్రాలు వేగం పుంజుకునేదానికంటే సాఫ్ట్‌వేర్ మందగించడమే జోరుగా సాగుతోందన్న మాటను ఆయన అందులో ఎత్తిచూపాడు, అది తన మాట కాదు మార్టిన్ రైజర్ అన్నది అని పేరుపెట్టి చెప్పాడు కూడా. ఇప్పుడు దాన్నందరూ విర్త్ సూత్రం అంటారు. ఎవరు అన్నారో చెప్పినవాడికే పేరు దక్కింది. ఆయన ఆ వ్యాసం రాసిన ఏడే విండోస్ 95 వచ్చింది, దానికి కనీసం కావలసిన మెమరీ 4 మెగాబైట్లు. 2021లో వచ్చిన విండోస్ 11కి కనీసం 4 గిగాబైట్లు. చూశారా, అంకె మారలేదు. 'మె' పోయి 'గి' వచ్చింది, అంతే. ఆ ఒక్క అక్షరం ఖరీదు 1,024 రెట్లు. ఈ 26 ఏళ్లలో నేను కంప్యూటర్ మీద చేసే పని మాత్రం 1,024 రెట్లు కాలేదు. అప్పుడూ ఉత్తరం రాసి, అచ్చుతప్పులు దిద్ది, లెక్క కూడేవాణ్ని. ఇప్పుడూ అంతే. మీరు చదువుతున్న ఈ వ్యాసం ఎంత తూగుతుందనుకున్నారు? మహా అయితే 60 కిలోబైట్లు. వాతావరణం చెప్పేవాడి పక్కన పెడితే ఏనుగు పక్కన ఎలక.

న్యాయంగా ఒక మాట చెప్పాలి కాబట్టి గొణుగుతూ చెబుతాను. బరువంతా ముస్తాబుది కాదు. కొంత కాపలాది. మా అపార్ట్‌మెంటుకు కొత్త వాచ్‌మన్ వచ్చాక ప్రతివాడి పేరూ, ఫ్లాట్ నెంబరూ, వచ్చిన టైమూ రాయించుకుంటున్నాడు, నావి కూడా. పాలప్యాకెట్ ఆలస్యమవుతోంది, దొంగతనాలు తగ్గాయి. 2018 జనవరిలో ప్రాసెసర్ల లోపలే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని రెండు కన్నాలు బయటపడినప్పుడు, వాటికి మాట్లు వేస్తే కంప్యూటర్లు కొంత నెమ్మదించాయి. వేయకపోతే దొంగలు. పాత సిస్టంకి ఆ మాట్లు వేయడం కంపెనీ ఎప్పుడో ఒకనాడు మానేస్తుంది, ఆ తరవాత దాంట్లో బ్యాంకు పని చేసుకోవడమంటే వీధితలుపు తీసిపెట్టి పడుకోవడమే. బ్యాంకులో 32 ఏళ్లు చేసినవాణ్ని, ఈ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. సన్నబడటం చేతకాక కాదనీ తెలుసు. 2009లో యాపిల్ స్నో లెపర్డ్ అనే సిస్టం తెచ్చినప్పుడు, కొత్త హంగులు సున్నా, ఉన్నదాన్నే చెక్కాం అని గొప్పగా చెప్పుకుంది. డిస్కు మీద ఎదురు చోటు మిగిలింది. ఆ తరవాత ఆ మాట ఇంకెవరూ అంత గొప్పగా చెప్పుకోగా వినలేదు. ఉపవాసం ఎవరైనా ఒకరోజే ఉంటారు.

ఇంతదాకా రాసిన వారానికి లాప్‌టాప్ చంకన పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. సీటీసీ అంటే తెలియనివాడు ఈ ఊళ్లో కంప్యూటర్ కొననివాడే. మెట్లమీద కేబుళ్లు, వరండాలో కీబోర్డులు, గోడలకి మానిటర్లు. ఒక చిన్న కొట్లో, వీపు ఆనించడానికి కూడా చోటులేని చోట, పాతికేళ్లవాడు నా లాప్‌టాప్‌ను తిరగేసి, మరలు విప్పి, పెదవి విరిచాడు. డాక్టర్లు విరిచేలాంటిదే.

"ర్యామ్ ఇంకో నాలుగు వేద్దామా బాబూ?"

"వేయొచ్చు సార్. కానీ రేటు చూశారా? పోయినేడాది చివర్నుంచి ఒకటే పెరుగుడు. చిప్పులన్నీ ఏఐ వాళ్ల డేటా సెంటర్లకే పోతున్నయ్."

అయిపోయింది. ఎవడో ఎక్కడో తన పెంపుడు కుక్కని చంద్రుడిమీద కూర్చున్నట్టు బొమ్మ గీయమని అడిగితే, ఇక్కడ మల్కాజిగిరిలో నా వంటింటి గట్టు ఖరీదవుతుందన్నమాట.

"ముందు ఈ హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టండి సార్. సగం రోగం దీందే" అన్నాడు. అందులో తిరిగే పళ్లెం లేదు, జరిగే పుల్ల లేదు. నా ఉప్పుడబ్బా లెక్కలో చెప్పాలంటే 27 గంటల ముప్పావు కాస్తా పావుగంట పైచిలుకుకి వస్తుంది. అటకకి మెట్లు కట్టించినట్టు. సరే అన్నాను. మూడువేల చిల్లర. డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే ఒక్కసారి ఒళ్లు మండింది. ఈ డబ్బు నేను ముందుకు పోవడానికి ఇవ్వడం లేదు. నాలుగు వారాల కిందట ఉన్నచోటికి తిరిగి వెళ్లడానికి ఇస్తున్నాను. ఊరికే ఉన్నవాణ్ని బస్సెక్కించి, మధ్యలో దింపి, వెనక్కి రావడానికి టికెట్ నన్నే కొనుక్కోమన్నారు.

"సిస్టం కొత్తగా ఎక్కిస్త సార్, క్లీన్‌గా ఉంటది. పాతదాంట్లోంచి ఏమేం కావాల్నో చూపించండి" అన్నాడు. పక్కన స్టూలేశాడు. దానికీ ఒక కాలు పొట్టి.

కావలసినవి చూపిస్తూ పోతుంటే, 'పాతవి' లోపల 'పాతవి-2' లోపల 'నాన్న' అని ఒక ఫోల్డర్ కనిపించింది.

మా నాన్నగారు తెనాలి దగ్గర తెలుగు మాష్టారు. 2004లో, 78వ ఏట, తన జీవితం 61 పేజీలు రాసి, తెనాలిలోనే ఒక డీటీపీ కొట్లో కూర్పించారు. అచ్చుతీసిన కాపీ ఒక్కటే. బంధువుల్లో చేతులు మారుతూ పోయి, 2009లో ఆయన పోయేనాటికి అది ఎవరి చేతిలో ఉందో ఎవరికీ తెలీకుండా పోయింది. సీడీ నాదగ్గర ఉంది. సీడీలోంచి ఒక కంప్యూటర్లోకి, అందులోంచి ఇంకోదాంట్లోకి, ఇలా నాలుగు యంత్రాలు మారుస్తూ వచ్చాను. ఎప్పుడూ చదవలేదు. ఉంది కదా, ఎప్పుడైనా చదవచ్చు కదా.

ఇంటికొచ్చి తెరిచాను. లాప్‌టాప్ ఝామ్మని లేచింది, అడ్డం 2 దాటలేదు. ఫైలూ వెంటనే తెరుచుకుంది. 61 పేజీలూ ఉన్నాయి. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు పొడి అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన కొమ్ములున్న యూరపు అక్షరాలు, బార్లు తీరి. తెలుగుకి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా మన అచ్చుకొట్లు చాలాకాలం సొంత ఫాంట్లతోనే నడిచాయి. అందులో తెలుగు రాసినట్టు కనపడుతుందే గానీ కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల్నే, ఆ ఫాంటు వేషం వేస్తేనే అవి తెలుగవుతాయి. ఆ ఫాంటు నా పాత సిస్టంలో ఉండేది. కొత్తదాంట్లో ఎక్కిద్దామంటే ఇది మరీ పాతది, కుదరదంది. ఒక్క బైటు పోలేదు. అన్నీ ఉన్నాయి. చదివేవాడే పోయాడు.

302 కుర్రాడు రాత్రి వచ్చి, ఏదో కన్వర్టర్ వెతికి, 61 పేజీలూ యూనికోడ్‌లోకి మార్చిపెట్టాడు. "కొంచెం తప్పులొస్తాయి అంకుల్, ఒత్తులు సరిగ్గా పట్టుకోదు" అన్నాడు. మొదటి పేజీ మొదటి వాక్యం ఇలా వచ్చింది: మా అమ కటెల పొయి మీద ఇతడి గుండిగలో నీళు కాచేది.

ఒత్తు మానేస్తే అర మార్కు కోసేవారాయన. సొంత కొడుకు కూడా మినహాయింపు కాదు, ఏడో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నాకు ఎనిమిదిన్నర మార్కులు ఒత్తులకే పోయాయి. కంప్యూటర్ లెక్కలో 'అమ్మ' 12 బైట్లు, 'అమ' 6 బైట్లు. గిగాబైట్లకి గిగాబైట్లు మింగి కూర్చున్న పెళ్లివారి విడిదిలో ఈ ఆరింటికి చోటు లేకపోయింది.

దిద్దుతున్నాను. ఒక్కో మాట దగ్గర ఆగి, ఇది ఏ మాట అయ్యుంటుందా అని చూసుకోవాలి. కొన్ని తెలిసిపోతాయి. కొన్ని తివగభో లాంటివి, అటూ ఇటూ తిప్పి చూడాలి. రోజుకు ఒక పేజీ దాటడం లేదు, ఇందులో లాప్‌టాప్ తప్పేమీ లేదు. ఇప్పుడు నాలుగో పేజీలో, ఆయనకి ఇంకా పదేళ్లు, మేనమామగారింటికి పడవలో వెళ్తున్నారు.

"ఏమండీ, ఖాళీగా ఉన్నారా?" అని వంటింట్లోంచి వినిపించింది.

"లేను. ఒత్తులు పెడుతున్నాను."

కాసేపు చప్పుడు లేదు.

"దీపానికి నేను పెట్టేశాను లెండి" అంది.